ఐపీ: రక్షణగా పుట్టి తిట్టుగా మారిన మాట

గుంటూరు మిర్చి యార్డులో గానీ, విజయవాడ వన్‌టౌన్ కొట్ల దగ్గర గానీ "ఫలానా ఆయన ఐపీ పెట్టాడట" అంటే చాలు, జనం డబ్బు ఎగ్గొట్టాడనే అందరికీ అర్థమవుతుంది. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. అప్పులు తీర్చలేనివాడు కోర్టుకు వెళ్లి, నా దగ్గరున్నది ఇంతే, అప్పిచ్చినవాళ్లందరికీ పంచి నన్ను విడిపించండి అని వేసుకునే దరఖాస్తు. నిజాయితీపరుడి కోసం పుట్టిన ఆ మాటకు ఇంత చెడ్డపేరు రావడం వల్ల ఎక్కువ నష్టపోతున్నది ఆ నిజాయితీపరుడే.

ఒకప్పుడు అప్పు తీర్చకపోతే డిక్రీ, అంటే డబ్బు కట్టమనే కోర్టు తీర్పు తెచ్చుకుని సివిల్ జైలుకు పంపించేవాళ్లు. దివాలా చట్టం మద్రాసు నగరానికి 1909లో విడిగా వచ్చింది. గుంటూరు, బెజవాడ ఆ నగరం బయటివి కాబట్టి వీటికి 1907లో వచ్చి 1920లో తిరగరాసిన ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం వర్తించింది. అప్పు ఐదు వందల రూపాయలు ఉంటే చాలు, పిటిషన్ వేయవచ్చు. దివాలాగా ప్రకటించాక ఆస్తి కోర్టు చేతికో, అఫీషియల్ రిసీవర్ అనే అధికారి చేతికో వెళ్తుంది. ఒంటిమీది బట్టలు, వంటపాత్రలు, చేతిపనివాడి పనిముట్ల జోలికి ఎవరూ రారు. చివరగా కోర్టు 'డిశ్చార్జి' ఇస్తే, ప్రభుత్వ బాకీలు, మోసంతో చేసిన అప్పుల వంటివి తప్ప మిగతా బరువు దిగిపోతుంది.

జైలు భయం కూడా తర్వాత తగ్గింది. కట్టే శక్తి ఉండి ఎగవేస్తున్నాడనో, పారిపోయేలా ఉన్నాడనో, ఆస్తి దాస్తున్నాడనో తేలితేనే అరెస్టు అని 1936లో సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను సవరించారు. పేదరికం వల్ల కట్టలేకపోయినవాణ్ని జైల్లో పెట్టడం తప్పని 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు రాశారు. డబ్బు డిక్రీ కింద ఆడవాళ్లను అసలు అరెస్టే చేయకూడదు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది తల్లులు రాత్రిళ్లు నిద్రపోకుండా గడుపుతున్నారో.

రైతులకు వేరే దారి దొరికింది. 1938లో మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన రైతు రుణ ఉపశమన చట్టం, 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని కొట్టేసింది. అసలుకు రెండింతలు అప్పటికే కట్టి ఉంటే అప్పు తీరిపోయినట్టే. 1977లో చిన్న రైతులు, కూలీలు, గ్రామీణ చేతివృత్తులవాళ్ల కోసం మరో చట్టం వచ్చింది. పట్నంలో కిరాణా కొట్టు పెట్టుకున్నవాడికి, ఆటో నడిపేవాడికి ఈ రెండూ వర్తించలేదు. వాళ్లకు మిగిలింది ఐపీయే.

మరి ఆ పేరు ఎందుకు చెడింది? చిట్టీలు నడిపినవాళ్లు, సరుకు అప్పుగా తెచ్చినవాళ్లు ముందుగా ఇల్లు, పొలం భార్య పేరునో బావమరిది పేరునో రాసి, ఆ తర్వాత పిటిషన్ వేయడం మొదలుపెట్టారు. నోటీసు అందిన రైతు, ఇక డబ్బు పోయిందనుకుని వదిలేస్తాడు. నిజానికి పిటిషన్ వేసినంతమాత్రాన అప్పు రద్దు కాదు. దివాలాగా ప్రకటించాక, పిటిషన్ వేయడానికి ముందు రెండేళ్లలోపు ఉత్తపుణ్యాన బదలాయించిన ఆస్తిని కోర్టు వెనక్కి లాగవచ్చు. ఆస్తి దాస్తే శిక్ష కూడా ఉంది. డిశ్చార్జికి గడువులోపు దరఖాస్తు చేసుకోకపోతే దివాలా ప్రకటనే రద్దవుతుంది. ఇవన్నీ చట్టంలో ఉన్నవే, కానీ లక్ష రూపాయల బాకీ కోసం వకీలును పెట్టుకుని వాయిదాలకు తిరిగే ఓపిక ఎవరికుంటుంది?

ఇటు మర్యాదస్తుడు సిగ్గుపడి కోర్టు గడప తొక్కడు. ఒక వడ్డీ కట్టడానికి ఇంకో అప్పు చేస్తాడు. నూటికి నాలుగు రూపాయలంటే ఏడాదికి నలభై ఎనిమిది శాతం. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడ్డ కాల్ మనీ వ్యవహారం ఇలాంటి వాళ్ల కథే. ఫోన్ చేస్తే డబ్బు వస్తుంది, బదులుగా ఖాళీ చెక్కులు, సంతకాలు పెట్టిన ప్రామిసరీ నోట్లు వెళ్తాయి. మహిళలను వేధించారన్న ఫిర్యాదులతో శాసనసభ కూడా దద్దరిల్లింది. ఆ ఖాళీ చెక్కు వెనక కూడా చరిత్ర ఉంది. 1989 ఏప్రిల్ నుంచి చెక్కు బౌన్స్ నేరమైంది, రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. సివిల్ జైలు తలుపు దాదాపు మూసుకున్నాక వడ్డీ వ్యాపారికి దొరికిన కొత్త తలుపు ఇది. ఐపీ పెట్టినా చెక్కు కేసు ఆగదు.

2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది. ఏడాదికి 60 వేల లోపు ఆదాయం, 20 వేల లోపు ఆస్తి, 35 వేల లోపు అప్పు ఉండి, సొంత ఇల్లు లేనివాళ్లకు అప్పు మాఫీ చేసి కొత్త జీవితం ఇస్తామంది. ఒక్కసారి ఆస్పత్రిలో చేరితే దాటిపోయే అంకెలు ఇవి. పైగా వ్యక్తుల గురించిన ఆ భాగాన్ని 2019 డిసెంబరులో కంపెనీల అప్పులకు హామీ సంతకం పెట్టినవాళ్లకు మాత్రమే అమలులోకి తెచ్చారు. మామూలు మనిషికి దిక్కు ఇంకా 1920 నాటి చట్టమే. నూరేళ్లు దాటిన కాగితం మీద కొత్తది పరవకుండా ఇంతకాలం ఊరుకోవడం నాకు అన్యాయంగానే కనిపిస్తోంది.

ఈలోగా తెలిసి ఉండాల్సినవి కొన్ని. ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. గడువులోపు నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి, కాబట్టి ఎంత కట్టారో, ఏ తేదీ వేశారో చూసుకునే సంతకం పెట్టాలి. బ్యాంకుల రికవరీ ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో చెప్పింది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది. ఐపీ వేయడానికైనా, మీ మీద ఎవరో వేసిన ఐపీ నోటీసుకు జవాబు ఇవ్వడానికైనా అక్కడ అడగవచ్చు.