రోడ్డుకు అవతల అధ్యక్ష భవనం

పశ్చిమ ఆఫ్రికా దేశం లైబీరియా రాజధాని మన్రోవియాలో క్యాపిటల్ హిల్ మీద దేశపు పాత వర్సిటీ, లైబీరియా విశ్వవిద్యాలయం ఉంది. ఎదురుగా రోడ్డు దాటితే అధ్యక్ష భవనం. చట్టసభా, సుప్రీంకోర్టూ ఆ చుట్టుపక్కలే. అంతర్యుద్ధం తర్వాత ఆ వర్సిటీ ఎందుకింత నెమ్మదిగా లేస్తోందో తెలియాలంటే ముందు ఈ ఇరుగుపొరుగు సంగతి చూడాలి.

1860లలో మొదలైన లైబీరియా కాలేజీ 1951లో విశ్వవిద్యాలయమైంది. దానికి విజిటర్, అంటే అందరికన్నా పైనున్న పెద్ద, దేశాధ్యక్షుడే. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి రాష్ట్రపతి విజిటర్ అయినట్టే అనుకోండి. వీసీ లాంటి పెద్దను అక్కడ ప్రెసిడెంట్ అంటారు. ట్రస్టీల బోర్డు ఎన్ని పేర్లు పంపినా చివరి సంతకం దేశాధ్యక్షుడిది.

ఆ సంతకం బరువేమిటో 1984లో తెలిసింది. అప్పుడు వర్సిటీ ప్రెసిడెంట్ మేరీ ఆంటోనెట్ బ్రౌన్ షెర్మన్. ఆఫ్రికాలో ఒక విశ్వవిద్యాలయాన్ని నడిపిన తొలి మహిళ ఆమె. కొత్త రాజ్యాంగం ముసాయిదా రాసిన సంఘానికి నాయకత్వం వహించిన ఆచార్యుడు అమోస్ సాయర్‌ను శామ్యూల్ డో సైనిక ప్రభుత్వం అరెస్టు చేసింది. విద్యార్థులు ఊరుకోలేదు. ఆగస్టు 22న సైనికులు తుపాకులతో క్యాంపస్‌లోకి చొరబడ్డారు. కాల్పులు జరిపారు, పిల్లల్ని కొట్టారు, అత్యాచారాలు చేశారు. ఆ తర్వాత షెర్మన్ పదవి పోయింది. నన్నడిగితే ఆ వర్సిటీ మీద యుద్ధం మొదలైంది ఆ రోజే. 1989 డిసెంబరులో చార్లెస్ టేలర్ తిరుగుబాటు మొదలయ్యేసరికే దాని వెన్ను విరిగింది.

1990లో ఊరి బయటి ఫెండాల్ క్యాంపస్‌లోకి వేలమంది నిర్వాసితులు చేరారు. పాఠాలు చెప్పిన గదుల్లో కుటుంబాలు తలదాచుకున్నాయి. చాలామంది అధ్యాపకులు దేశం విడిచి వెళ్లిపోయారు. మధ్యలో వర్సిటీని తెరిచినా, టేలర్ అధ్యక్షుడయ్యాక 2001లో సాయుధ బలగాలు మళ్లీ క్యాంపస్ మీద పడ్డాయి.

2003లో శాంతి ఒప్పందం కుదిరింది. చైనా సాయంతో ఫెండాల్‌లో కొత్త భవనాలు లేచాయి. గోడలు కట్టినంత సులువుగా చదువు నిలబడదు కదా! 2013లో ప్రవేశ పరీక్ష రాసిన దాదాపు 25,000 మందిలో ఒక్కరూ పాస్ కాలేదు. చివరికి 1,800 మందిని తీసుకున్నారు. యుద్ధకాలంలో బడి పోగొట్టుకున్న ఆ పిల్లల్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

2018లో అధ్యక్షుడు జార్జ్ వియా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు ఎత్తేశాడు. పేదపిల్లలకు అది నిజంగా పెద్ద ఊరట. అయితే వర్సిటీకి తనదంటూ ఉన్న కాస్త రాబడి కూడా తగ్గింది. ఇప్పుడు అధ్యాపకుల జీతాలకైనా, ప్రయోగశాలలో రసాయనాలకైనా బడ్జెట్ కోసం చూడాలి. ఆ బడ్జెట్‌ను ఆమోదించే చట్టసభ కూడా ఆ కొండమీదే ఉంది.