షోకేసులో పాతబడుతున్న బోర్డో వైన్ సీసా: అపోహలు – వాస్తవాలు

"మా బావగారు పారిస్ నుంచి తెచ్చారండీ, పదిహేనేళ్ళుగా షోకేసులోనే ఉంది. ఇప్పుడెంత పలుకుతుంది?" వైన్ పనిలో ఉన్నవాళ్ళకి ఈ ప్రశ్న తప్పదు. అడిగేవాళ్ళ ఆశ చూస్తే జవాబు చెప్పడానికి నోరు రాదు, కానీ చెప్పక తప్పదు.

అపోహ: వైన్ ఎంత పాతదైతే అంత గొప్పది.

వాస్తవం: పాత బియ్యం లెక్క దీనికి పనికిరాదు. షాపుల్లో దొరికే వైన్లలో చాలావాటిని రెండు మూడేళ్ళలో తాగెయ్యాలనే చేస్తారు. పదేళ్ళు దాస్తే పండు వాసన పోయి ఉత్త పులుపు మిగులుతుంది. నిలవుండే ఎర్ర వైన్‌కి పుట్టుకతోనే గట్టి టానిన్ (ద్రాక్ష తోలు, గింజల నుంచి వచ్చే వగరు పదార్థం), సరిపడా పులుపు, చిక్కటి పండు రుచి ఉండాలి. ఏళ్ళు గడిచేకొద్దీ టానిన్, రంగు పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి అడుక్కి దిగుతాయి. మీరు చూసి భయపడే మడ్డి అదే. వగరు మెత్తబడేదీ, ఊదా రంగు అంచుల్లో ఇటుక రంగుకి తిరిగేదీ ఈ క్రమంలోనే.

ఆ పుట్టుక ఎలాంటిదో తెలియాలంటే ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో, పొయ్యాక్ ఊరి దగ్గరున్న షాతో లాతూర్ అనే వైన్ ఎస్టేట్‌ని చూడండి. జిరోంద్ నదీముఖం ఒడ్డునే, ‘లాంక్లో’ అనే దాదాపు 47 హెక్టార్ల తోట వీళ్ళ అసలు ఆస్తి. పైన గులకరాళ్ళు, కింద బంకమన్ను. రాళ్ళలో నీరు నిలవదు కాబట్టి వేళ్ళు లోతుకి దిగుతాయి, ఎండాకాలంలో కింది బంకమన్ను తడి అందిస్తుంది. నది గాలికి చలి కొంత తగ్గుతుంది కూడా. 1991 ఏప్రిల్‌లో మంచు దెబ్బకి బోర్డో అంతటా చిగుళ్ళు మాడిపోతే నది ఒడ్డు తోటలకి నష్టం తక్కువే జరిగింది. ఇక్కడ ప్రధానమైన ద్రాక్ష కాబెర్నే సోవిన్యాన్: చిన్న పండు, మందం తోలు, అందుకే అంత టానిన్. పులిసిన వైన్ 225 లీటర్ల కొత్త ఓక్ పీపాల్లో ఏడాదిన్నర వరకూ ఉంటుంది. అప్పటికీ అంతా పెద్ద లేబుల్‌కి ఎక్కదు, కొంత ‘లే ఫోర్ ద లాతూర్’ అనే రెండో వైన్‌కి పోతుంది. 2012 పంట నుంచి వీళ్ళు వైన్ పీపాలో ఉండగానే ముందస్తుగా అమ్మడం మానేశారు. సీసాల్ని తమ దగ్గరే ఉంచుకుని, తాగడానికి తయారైందనుకున్నాక బయటికి వదులుతున్నారు.

బోర్డో ఎస్టేట్లని తరగతులుగా విడదీసిన 1855 వర్గీకరణలో లాతూర్‌ది మొదటి తరగతి. ఆ హోదా ఎస్టేట్‌ది, పంట మాత్రం ఏటా మారుతుంది. 2010 పంట బోర్డో దశాబ్దాలు ఆగుతుంది, 2013 అంతకాలం ఆగదు.

అపోహ: అద్దాల బీరువాలో ఉంది కాబట్టి భద్రమే.

వాస్తవం: ఎక్కువ సీసాలు పాడయ్యేది ఇక్కడే. వైన్‌కి 12–14 డిగ్రీల నిలకడైన చల్లదనం, చీకటి, 70 శాతం దగ్గర తేమ కావాలి, బిరడా తడిగా ఉండేలా సీసా పడుకోవాలి. విజయవాడ రోహిణి కార్తెలో తాళం వేసిన ఇంటి సంగతి మీకు తెలుసు. వేడికి వైన్ వ్యాకోచించి బిరడాని పైకి నెడుతుంది, పక్కనుంచి ఊరుతుంది. చల్లబడగానే గాలిని లోపలికి లాక్కుంటుంది. పైరేకు కింద జిగురు మరక, ఉబ్బిన బిరడా ఉంటే వేడి తగిలినట్టే. సీసాలో వైన్ మట్టం చూడండి: ముప్ఫై ఏళ్ళ సీసాకి మెడ అడుగు దాకా ఉంటే మంచిదే, భుజం మధ్యకి దిగితే అనుమానమే, ఇంకా కిందైతే డబ్బు పెట్టకండి. వేడి తిన్న వైన్‌కి ఉడికించిన జామ్, ఖర్జూరం రుచి వస్తుంది. అది విషమేమీ కాదు, రుచి పోయిందంతే, కంగారు పడకండి. వైన్ క్యాబినెట్ లేకపోతే మామూలు ఫ్రిజ్‌లో పెట్టి కొన్ని నెలల్లో తాగెయ్యండి. ఇక విలువంటారా, ఎక్కడ కొన్నారో, ఎలా దాచారో రుజువు లేని సీసాకి వేలంలో గిరాకీ ఉండదు. లైసెన్సు లేకుండా మనం మనం అమ్ముకోవడం మన చట్టం ప్రకారం నేరం కూడా.

అపోహ: ఎర్ర వైన్‌ని గది వేడిలోనే, గంటల ముందు బిరడా తీసి ఉంచాలి.

వాస్తవం: ఆ ‘గది’ యూరప్‌లోని పాత రాతి మేడల్లోది, మన గది కాదు. 16–18 డిగ్రీలు చాలు. బిరడా తీసి వదిలేస్తే గాలి తగిలేది రూపాయి బిళ్ళంత మేరకే, దానితో ఒరిగేదేమీ లేదు.

పాత సీసాని తెరిచే ముందు ఒకటి రెండు రోజులు నిలబెట్టండి, మడ్డి అడుక్కి చేరుతుంది. పెళుసుబారిన బిరడాకి మర స్క్రూ వద్దు, రెండు రేకుల ఓపెనర్ వాడండి. ముక్కలైతే శుభ్రమైన పల్చటి బట్టలో వడకట్టండి. మెడ కింద టార్చి పెట్టి, ఒకే ధారగా డికాంటర్ అనే వెడల్పాటి గాజు కూజాలోకి వంచండి. మడ్డి భుజం దగ్గరికి రాగానే ఆపెయ్యండి, అడుగున రెండు మూడు గుక్కలు పోతే పోనీ. పదేళ్ళ లాతూర్‌కి డికాంటర్‌లో రెండు మూడు గంటలు అవసరం. నలభై ఏళ్ళదైతే వెంటనే గ్లాసుల్లో పోయండి, సున్నితమైన వాసనలు అరగంటలోనే జారిపోవచ్చు. గ్లాసులో మూడో వంతు చాలు. తిప్పకుండా ముందు ఒకసారి వాసన చూడండి: దేవదారు చెక్క, పొగాకు, తోలు, తడిసిన ఆకులు తగిలితే బాగున్నట్టు. తడి అట్టపెట్టె వాసనొస్తే బిరడాలోంచి వచ్చే టీసీఏ అనే రసాయనం వల్ల కలిగిన దోషం, ఎంత గాలి తగిలినా పోదు. గోళ్ళరంగు తుడిచే ద్రవం వాసన కూడా పోదు. పశువుల పాక వాసన మాత్రం ఒక్కోసారి పది నిమిషాల్లో తగ్గుతుంది, పారబొయ్యడానికి తొందరపడకండి.

మిగతావి గబగబా. గ్లాసు గోడల మీద కారే ధారలు ఆల్కహాల్ సంగతి చెబుతాయి, నాణ్యత సంగతి చెప్పవు. సీసా అడుగు గుంట ఎంత లోతున్నా లోపలి వైన్ మారదు. ద్రాక్షరసమే కదా, పూర్తి శాకాహారం అనుకోకండి: బోర్డోలో వైన్‌ని తేర్చడానికి పీపాకి ఐదారు గుడ్ల తెల్లసొన కలపడం పాత పద్ధతి. లాతూర్ తోటలో అందరూ ఫొటో తీసుకునే గుండ్రటి కట్టడం ఆ పేరిచ్చిన కోట బురుజు కాదు, 17వ శతాబ్దపు పావురాల గూడు.