స్పీకరు గుయ్‌మంటే ఎర్త్ పిన్ను విరవకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

కంప్యూటర్‌కు పవర్డ్ స్పీకర్లు (లోపలే యాంప్లిఫైయర్ ఉండేవి) తగిలించాక గుయ్‌మని మోత వస్తోందని ఎవరైనా అంటే చాలు, సలహాలు ఇచ్చేవాళ్లకు కొదవ ఉండదు. అందరిదీ ఒకటే మాట: "ఎర్త్ పిన్ను తీసేయండి, పోతుంది." ఈ మాట ముందుగా ఎవరు పుట్టించారో గానీ, ఇళ్లకు వెళ్లి సౌండ్ అమర్చే నాకు దాని ఫలితాలు తరచుగా కనిపిస్తూనే ఉంటాయి. ప్లగ్గు పైనున్న లావు పిన్నును కటింగ్ ప్లయరుతో కత్తిరించి ఉంటారు. లేదా మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టర్ తొడిగి ఉంటారు. ఇంకాస్త చేయి తిరిగినవాళ్లయితే ప్లగ్గు విప్పి, పచ్చ తీగను ఊడదీసి, టేపు చుట్టి లోపలే మడిచిపెడతారు. చూడటానికి ప్లగ్గు నిక్షేపంగా ఉంటుంది. నాకు అన్నిటికన్నా భయం ఈ మూడో రకం చూస్తేనే.

మిగతా అపోహల వల్ల పోయేది డబ్బు. దీనివల్ల మనిషే పోవచ్చు. కాబట్టి ముందు దీని సంగతే.

అపోహ: మోతకు కారణం ఎర్త్. దాన్ని తీసేస్తే సరిపోతుంది.

పిన్ను తీస్తే చాలా సార్లు మోత తగ్గే మాట నిజమే. ఈ సలహా ఇన్నాళ్లుగా బతికి ఉన్నది అందుకే. కానీ ఎందుకు తగ్గిందో తెలిస్తే ఆ పని ఎవరూ చేయరు.

డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు ఎర్త్ ఉంటుంది. వెనుక లోహపు పలక ఉన్న పవర్డ్ స్పీకర్లలో చాలావాటికీ ఉంటుంది. ఈ రెంటినీ మామూలు ఆడియో తీగతో కలిపితే, ఆ తీగ లోపలి షీల్డు, అంటే చుట్టూ ఉండే లోహపు తొడుగు, రెండు ఎర్త్‌లనూ ఇంకోసారి కలుపుతుంది. గోడలో ఒక దారి, ఆడియో తీగలో ఇంకో దారి కలిసి ఒక చుట్టు ఏర్పడుతుంది. ఫ్రిజ్జు, ఏసీ, ఇంట్లోని చార్జర్లు అన్నీ ఎర్త్‌లోకి కొద్దికొద్దిగా కరెంటు వదులుతూనే ఉంటాయి. అందువల్ల రెండు సాకెట్ల ఎర్త్‌ల మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా వస్తుంది. ఆ తేడాకు షీల్డులో కరెంటు పారుతుంది. మామూలు తీగలో పాటకు కూడా తిరుగు దారి ఆ షీల్డే కాబట్టి, ఈ చెత్త కూడా పాటతో కలిసి యాంప్లిఫైయర్‌లోకి చేరుతుంది. ఇంటి పరికరాల లైన్ స్థాయి, అంటే ఆడియో తీగలో పాట వెళ్లే మామూలు వోల్టేజి, 0.316 వోల్టులు. అందులో 3 మిల్లీవోల్టుల మోత కలిసినా సుమారు నూరో వంతు అయింది. రాత్రిపూట నిశ్శబ్దంగా ఉన్న గదిలో అది వినిపించకుండా ఎలా ఉంటుంది? మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి మోత కూడా 50, 100, 150 హెర్ట్‌జ్‌ల దగ్గరే వస్తుంది.

అంటే చుట్టును ఎక్కడో ఒక చోట తెంచాలి. తెంచాల్సింది ఆడియో తీగ వైపు. జనం తెంచుతున్నది ప్రాణం కాపాడే వైపు.

మన మూడు పిన్నుల ప్లగ్గును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఎర్త్ పిన్ను మిగతా రెంటికన్నా పొడవుగా, లావుగా ఉంటుంది. లోపలికి వెళ్లేటప్పుడు అన్నిటికన్నా ముందు తగలాలి, బయటికి వచ్చేటప్పుడు అన్నిటికన్నా చివర విడిపోవాలి అని అలా చేశారు. స్పీకరు లోపల ఎప్పుడైనా ఇన్సులేషన్ చెడి ఫేజు తీగ బాడీకి తగిలితే, ఎర్త్ ఉన్నచోట పెద్ద కరెంటు పారి ఫ్యూజు పోతుంది, లేదా మెయిన్ బోర్డులో స్విచ్చు పడిపోతుంది. ఎర్త్ లేని స్పీకరులో ఏమీ పడదు. 230 వోల్టులూ బాడీ మీదే కూర్చుంటాయి. అక్కడి నుంచి ఆడియో తీగ షీల్డు పట్టుకుని కంప్యూటర్ క్యాబినెట్‌కు, దానికి తగిలించిన మైకుకు, హెడ్‌సెట్‌కు చేరతాయి. కంప్యూటర్ ప్లగ్గుకు కూడా పిన్ను లేకపోతే ఎవరు ముందు ముట్టుకుంటారా అన్నదే మిగిలిన ప్రశ్న.

కంప్యూటర్‌ది మాత్రమే తీసేశాం కదా అనేవాళ్లూ ఉన్నారు. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టెలో ఫేజుకు, న్యూట్రల్‌కు రెంటికీ క్యాబినెట్‌తో కలిపే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ వాటి నడుమ, సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతుంది. టెస్టరు పెడితే బల్బు వెలగడం, చెప్పుల్లేకుండా నిలబడి ముట్టుకుంటే వేళ్లు జిల్లుమనడం అందుకే. ఆ కరెంటు చాలా కొద్దిది, మామూలుగా చంపదు. కానీ "కంప్యూటర్ అన్నాక కొంచెం కొడుతుంది" అని దానికి అలవాటుపడ్డ ఇళ్లను చూస్తే నాకు కోపమే వస్తుంది. కొట్టకూడదు. కొడుతోందంటే ఎర్త్ లేదని.

ఇది చదివి గాభరాపడి స్పీకర్లను అటక ఎక్కించేయకండి. ఇలా మోత పెట్టే స్పీకర్లలో చాలావరకు ఏ లోపమూ ఉండదు. ముందు స్పీకరు వెనుక నుంచి ఆడియో తీగ ఊడదీసి, స్పీకరును ఆన్‌లోనే ఉంచి వినండి. మోత అలాగే ఉంటే స్పీకరు లోపలి సంగతి, మెకానిక్కుకు చూపించాలి. ఆగిపోతే స్పీకరు మంచిదే. తర్వాత తీగ మళ్లీ పెట్టి, ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీసి చూడండి. మోత ఆగితే చుట్టు చార్జర్ గుండా ఉన్నట్టు. అప్పుడూ ఆగకపోతే కంప్యూటర్‌కు తగిలించిన మిగతావన్నీ ఒక్కొక్కటిగా ఊడదీయండి. మౌసు కదిపినప్పుడు కిర్రుమన్నా, గేము ఆడేటప్పుడు సన్నగా కూత పెట్టినా చాలావరకు ఇదే కుటుంబం.

ఒక్కొక్కటిగా అని ఊరికే అనడం లేదు. విజయవాడలో ఒక మాస్టారు, ఉద్యోగ విరమణ చేశాక ఘంటసాల పాటలు ప్రశాంతంగా వినాలని మంచి స్పీకర్లు కొనుక్కున్నారు. మోత వచ్చింది. ఎవరో చెబితే తీగలు మార్చారు. ఇంకెవరో చెబితే డాక్ (డీఏసీ, అంకెల్లో ఉన్న పాటను ధ్వని సంకేతంగా మార్చే పెట్టె) కొన్నారు. ఆ తర్వాత స్పీకర్లే మార్చారు. చివరికి ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గుల పిన్నులు కత్తిరించి పోయాడు. అయినా మోత పూర్తిగా పోలేదు. నేను వెళ్లేసరికి ఆయన ఆ గదిలోకి రావడమే మానేశారు. కంప్యూటర్ నుంచి హెచ్‌డీఎంఐ తీగ టీవీకి వెళ్తోంది, టీవీ నుంచి ఇంకోటి సెట్‌టాప్ బాక్సుకు, ఆ బాక్సు వెనుక వీధి స్తంభం నుంచి వచ్చిన కేబుల్ తీగ. ఆ కేబుల్ మర తిప్పి ఊడదీశాను. మోత ఠక్కున ఆగింది. "అంతేనా బాబూ?" అన్నారు. అంతే మాస్టారూ అన్నాను. వీధి నుంచి వచ్చే ఆ తీగ షీల్డు తన ఎర్త్‌ను తానే వెంట తెచ్చుకుంటుంది. దానికి మధ్యలో పెట్టే చిన్న ఐసొలేటర్ దొరుకుతుంది, సంకేతాన్ని పోనిచ్చి ఎర్త్ దారిని మాత్రం తెంచుతుంది. అది పెట్టి, ప్లగ్గులన్నీ కొత్తవి వేయించాక గానీ నేను అక్కడి నుంచి కదల్లేదు. అంతకుముందు ఆయన పెట్టిన ఖర్చు తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

చుట్టు తెంచడానికి సరైన దారులు ఇవి. మొదట కంప్యూటర్, స్పీకర్లు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి, ఖర్చు లేకుండానే చాలా ఇళ్లలో మోత సగం తగ్గుతుంది. అయితే ఆ బోర్డు తీగను ముందు చూడండి. పైకి మూడు రంధ్రాలు, లోపల రెండే తీగలు ఉన్న చవక బాక్సులు బజారు నిండా ఉన్నాయి. ఆ మూడో రంధ్రం అలంకారం. రెండోది, స్పీకర్లకు బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ ఉంటే, బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కు బయట తగిలించే సౌండ్ పెట్టె) తీసుకోవడం. అందులో పాట రెండు తీగల్లో ఎదురెదురు దశల్లో వెళ్తుంది. స్పీకరు ఆ రెంటి తేడానే తీసుకుంటుంది కాబట్టి రెంటిలోనూ సమానంగా చేరిన మోత అక్కడే కొట్టుకుపోతుంది. నా ఓటు దీనికే. మూడోది ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆడియో ఐసొలేటర్. పనిచేస్తుంది, కానీ మరీ చవకది కొంటే మోతతో పాటు బేస్ కూడా పలచబడుతుంది. రెండు వైపులా ఆప్టికల్, అంటే పాటను వెలుతురుగా పంపే తీగకు చోటు, ఉంటే అసలు గొడవే లేదు, వెలుతురుకు ఎర్త్‌తో పని లేదు.

"మా ఇంట్లో అసలు ఎర్తింగే లేదండీ" అనేవాళ్లకు ఒకటే మాట. స్పీకర్ల సంగతి తర్వాత. ముందు ఎర్తింగ్ వేయించండి, బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే పడిపోయే స్విచ్చు) పెట్టించండి. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనే మాట వినకండి.

అపోహ: కొత్త స్పీకర్లలో పాటకు గొంతు రావడం లేదంటే స్పీకరు చెడిపోయింది.

ఈ ఫిర్యాదు వింటే నవ్వు వస్తుంది గానీ, వేలు పోసి కొన్నవాళ్లకు నవ్వు ఎలా వస్తుంది పాపం. తబలా వినిపిస్తుంది, వయొలిన్లు వినిపిస్తాయి, గాయకుడు మాత్రం ఎక్కడో బావిలోంచి పాడుతున్నట్టు ఉంటాడు. తప్పు తీగది. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోను రంధ్రం స్టీరియో. ఎడమ ఒక వలయంలో, కుడి ఇంకో వలయంలో ఉంటుంది. రెండు వైపులా మూడు వలయాలున్న తీగతో దాన్ని నేరుగా స్పీకరు బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో గుచ్చితే, స్పీకరు తనకు తెలిసిన పనే చేస్తుంది: ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తుంది. గాయకుడి గొంతు సాధారణంగా ఎడమ కుడి రెంటిలోనూ సమానంగా ఉంటుంది కాబట్టి ఎగిరిపోతుంది. గొంతు చుట్టూ కలిపిన ప్రతిధ్వని రెండు వైపులా ఒకేలా ఉండదు, అది మిగులుతుంది. ఆ బావి అదే. ఒక వైపు 3.5 మిల్లీమీటర్ల స్టీరియో, ఇంకో వైపు రెండుగా చీలి 6.35 మిల్లీమీటర్ల మోనో పిన్నులు ఉన్న తీగ అడిగి తీసుకోండి. ఎడమది ఎడమ స్పీకరుకు, కుడిది కుడికి. స్పీకరును వెనక్కి పంపే ముందు ఇది చూడండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

వాట్లు ఎక్కువ ఉంటే సౌండ్ మంచిదని: డబ్బా మీద వేల వాట్ల పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి అని చెప్పుకునే లెక్క) అని ఉంటే ఆ అంకెను చదవనట్టే వదిలేయండి. దానికి ఏ ప్రమాణమూ లేదు. నిలకడగా ఇవ్వగల శక్తిని చెప్పే ఆర్‌ఎంఎస్ అంకె చూడండి. బల్ల మీద పెట్టుకుని వినేవాళ్లకు స్పీకరుకు 30, 40 వాట్లు ధారాళం.

బంగారు పూత యూఎస్‌బీ తీగతో పాట తేటపడుతుందని: పడదు. వెళ్లేవి అంకెలు. చేరితే చేరతాయి, చేరకపోతే చిటపటమని తెగుతాయి, తేటపడటం అనేది ఉండదు.

సెట్టింగుల్లో 192 కిలోహెర్ట్‌జ్ పెడితే నాణ్యత పెరుగుతుందని: ఈ అంకె సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలిచారన్నది, అందులో సగం దాకా శబ్దాలు పడతాయి. సీడీది 44.1 కిలోహెర్ట్‌జ్, మనిషి చెవి చివరి మెట్టు 20 కిలోహెర్ట్‌జ్. పాటలో లేనిది సెట్టింగు తెచ్చి పెట్టదు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్‌జ్ పెట్టి మరిచిపోండి.

కంప్యూటర్‌లో వాల్యూమ్ నిండా పెట్టకూడదని: అందుకు తిరగేసి చేయండి. కంప్యూటర్‌లో నిండుగా పెట్టి, స్పీకరు వెనుక వాల్యూమ్ మర తగ్గించుకుంటే మోత, హిస్సు కూడా దానితో పాటు తగ్గుతాయి.

కరెంటు పోయి ఇన్వర్టర్ వచ్చినప్పుడు స్పీకరు గుర్రుమంటే స్పీకరు కాలిపోతుందని: మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది. లోపల పాత పద్ధతి ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దానికి ఆ కరెంటు నచ్చదు, అరుస్తుంది. ఆ కాసేపూ ఆపేసుకోండి, లేదా సైన్ వేవ్ ఇన్వర్టర్ తీసుకోండి.

స్పీకర్లు మూలకు పెడితే బేస్ బాగుంటుందని: ఎక్కువగా ఉంటుంది, బాగుండదు. విట్రిఫైడ్ టైల్సు, ఖాళీ గోడలు ఉన్న మన గదుల్లో అసలే శబ్దం గుల్లలా మోగుతుంది. మూల నుంచి ఇవతలకు జరపండి, ట్విటరు (సన్నని శబ్దాలు పలికే చిన్న భాగం) చెవి ఎత్తుకు తెండి, కిటికీకి మందపాటి కర్టెను వేయండి. కొత్త స్పీకర్లు కొనే ముందు చేయాల్సిన పని ఇది.

ఆన్ చేసినప్పుడు ధబ్‌మంటే పాడైపోయిందని: వరుస తప్పింది, అంతే. ముందు కంప్యూటర్, చివర స్పీకర్లు. ఆపేటప్పుడు ముందు స్పీకర్లు.

ట్విటరు దగ్గర స్‌స్ అని వినిపిస్తోందని: చెవి ఆనించి వింటే ఏ పవర్డ్ స్పీకరైనా అలాగే అంటుంది, లోపల యాంప్లిఫైయర్ ఉంది కదా. మీరు కూర్చునే చోట కూర్చుని వినండి. అక్కడ వినిపించకపోతే నాకు ఫోన్ చేయక్కర్లేదు.