పచ్చిమిరపకాయలు కోశాక వేడినీళ్ళు ఎందుకు అంత మండుతాయి?

మొన్న బజ్జీలకని అరకిలో పచ్చిమిరపకాయలు చీల్చి గింజలు తీశా, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నా రాత్రి స్నానానికి కూర్చుంటే వేళ్ళు భగ్గుమన్నాయి, నీళ్ళు చూస్తే రోజూ పోసుకునే వేడే.

అసలు కారం అనేది రుచి కాదండి, నొప్పి. మన నొప్పి నరాల చివర సెల్ పొరలో టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ఉంటుంది, నాలుగు ముక్కలు కలిసి మధ్యలో ఒక తలుపులాగా, మామూలుగా మూసే ఉంటుంది, వేడి 43 డిగ్రీలు దాటితే తెరుచుకుంటుంది, కాల్షియం, సోడియం లోపలికి దూసుకొస్తాయి, నరం వెంటనే "కాలింది" అని మెదడుకి చెప్పేస్తుంది. మిరపకాయలోని కారం పదార్థం క్యాప్సైసిన్ అదే ప్రోటీన్‌కి అతుక్కుని వేడి లేకుండానే తలుపు తెరుస్తుంది. కొంచెమే అంటుకున్నా తలుపు వదులైపోతుంది, ఇక గోరువెచ్చని నీళ్ళకే తెరుచుకుంటుంది, నా వేళ్ళకి జరిగింది అదే.

ఈ తలుపుని 1997లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త టీమ్ పట్టుకుంది. నరాల్లో పనిచేసే జీన్స్‌ని తెచ్చి, కారం తగిలినా ఉలకని పలకని సెల్స్‌లో పెట్టి, పైన క్యాప్సైసిన్ వేసి, ఏ సెల్‌లోకి కాల్షియం వెళ్తుందా అని వెతికారు, ఎంత ఓపిక కావాలో చూడండి! 2021లో ఆర్డెమ్ పటాపూటియన్ అనే ఇంకో శాస్త్రవేత్తతో కలిపి ఆయనకి నోబెల్ వచ్చింది.

నాకు ఇంకా బాగా నచ్చేది దెబ్బ తగిలినప్పుడు జరిగేది. అక్కడ బ్రాడీకైనిన్ అనే పదార్థం తయారవుతుంది, అది ఈ తలుపుని ముట్టుకోను కూడా ముట్టుకోదు, పక్కనున్న వేరే రిసెప్టర్‌కి, అంటే కబురు అందుకునే ప్రోటీన్‌కి, అంటుకుంటుంది, ఆ రిసెప్టర్ లోపలున్న జీ ప్రోటీన్‌ని లేపుతుంది, అది ఒక ఎంజైమ్‌ని, అలా కబురు చేతులు మారి చివరికి ప్రోటీన్ కైనేజ్ సీ దాకా వస్తే, అదొచ్చి తలుపుకి ఫాస్ఫేట్ అంటిస్తుంది. అంతే, 43 కాదు, ఒంటి వేడికే తెరుచుకోవడం మొదలు, అందుకే పుండు ఏమీ తగలకపోయినా మండుతూ ఉంటుంది. దెబ్బ దగ్గర తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు కూడా దాదాపు ఇలాగే దూరం నుంచి తలుపు వదులు చేస్తాయి, నొప్పి మాత్ర ఐబుప్రోఫెన్ ఆపేది వాటి తయారీని. అందుకే ఆ మాత్రతో దెబ్బ సలపరం తగ్గుతుంది గానీ బజ్జీ కారం తగ్గదు, క్యాప్సైసిన్ నేరుగా తలుపునే పట్టుకుంటుంది కదా, దానికి గడ్డ పెరుగే దిక్కు.