'ఎరుపు' అని ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో

మా అమ్మాయి ఐదో తరగతి. పుట్టి పెరిగింది బెంగళూరు మారతహళ్లిలోనే. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ, బడిలో ఇంగ్లీషు, కన్నడమే కాబట్టి తెలుగు చదవాలంటే కూడబలుక్కోవాల్సిందే. మొన్న ఆదివారం కరెంటు పోతే తన స్కెచ్ పెన్నులు తీసి రంగుల పేర్లు తెలుగులో రాశాను. 'ఎరుపు' ఆకుపచ్చతో, 'పసుపు' నీలిరంగుతో, 'నీలి' ఎరుపుతో... ఇలా ఒక పేజీ. పదం చదవకూడదు, ఇంకు రంగు గబగబా చెప్పాలి. అదీ పందెం.

రెండో మాటకే తడబడ్డాను. నోటిదాకా వచ్చిన 'పసుపు'ను మింగి 'నీలి' అనేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అమ్మాయి మాత్రం జామకాయ కొరుకుతూ టకటకా చెప్పేసింది. పైగా, "నీకు రంగులు రావా నాన్నా?"

రంగులు రాక కాదు, చదువు వచ్చి! 1935లో అమెరికాలో జాన్ రిడ్లీ స్ట్రూప్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థులకు ఈ పరీక్షే పెట్టాడు. వంద రంగు గళ్ల పేర్లు చెప్పడానికి సగటున 63.3 సెకన్లు పట్టింది. వేరే రంగు ఇంకుతో అచ్చయిన వంద రంగుపేర్లు చూపించి ఇంకు రంగు చెప్పమంటే 110.3 సెకన్లు! అదే, ఇంకు సంగతి వదిలేసి పదాలు చదవమంటే నల్ల అక్షరాలతో పోలిస్తే రెండు సెకన్ల పైచిలుకే తేడా. పదం రంగుకు అడ్డొస్తుంది. రంగు పదానికి దాదాపు అడ్డురాదు.

చదివీ చదివీ ఆ పని మన చెప్పుచేతల్లో లేకుండా పోయింది మరి. కన్ను పడితే చాలు, మాట పలికేస్తుంది. అంతా అలవాటు మహిమే అనిపించే ప్రయోగం ఒకటుంది. 1988లో మెక్లౌడ్, డన్‌బార్ అనే ఇద్దరు పరిశోధకులు కొన్ని వింత ఆకారాలకు రంగుల పేర్లు పెట్టి, 20 రోజులు సాధన చేయించారు. చివరికి ఆ ఆకారాలే రంగు చెప్పడానికి అడ్డు తగిలాయి.

రెండో కాగితం అమ్మాయి కన్నడలో రాసింది: కెంపు, హసిరు, హళది, నీలి. జవాబు తెలుగులోనే. చదివేది ఒక భాష, చెప్పేది ఇంకోటి అయినా అడ్డు పూర్తిగా పోదు, కాస్త తగ్గుతుందంతే. ఈసారి తడబాటు తనది. నాది బస్సు బోర్డుల కన్నడం. 'హసిరు' అంటే ఆకుపచ్చ అని తట్టేలోపే ఇంకు రంగు చెప్పేశాను. ఒక్క 'నీలి' దగ్గర దొరికిపోయాను. రెండు భాషల్లోనూ అదే మాట, రాతా దాదాపు అదే. మొదటి కాగితంలో జామకాయ నమలడం ఆగింది కూడా సరిగ్గా అక్కడే.