శుభలేఖ ముందే పంచేశారు: ట్రంప్ బ్రిటన్ పర్యటనల వెనక కథ

2025 సెప్టెంబర్ 17 నుంచి 19 దాకా ట్రంప్ రెండోసారి బ్రిటన్‌కి స్టేట్ విజిట్ మీద, అంటే రాజుగారి అతిథిగా పూర్తి లాంఛనాలతో వస్తున్నారనగానే, ఆయనకి అంత మర్యాద చేయాలా అని మళ్లీ అదే గొడవ మొదలైంది. గుర్రపు బగ్గీ ఊరేగింపు విండ్సర్ కోట ఆవరణలోనే, విందూ అక్కడే, ప్రధాని స్టార్మర్‌తో చర్చలు ఊరి బయట ప్రధానికి ఉండే విడిది చెకర్స్‌లో. పార్లమెంటులో ప్రసంగం మాత్రం లేదు, పార్టీల మహాసభల కోసం సభకి సరిగ్గా అప్పుడే సెలవులు. బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో మరమ్మతులు నడుస్తున్నాయి కాబట్టి విండ్సర్ అన్నారు, అది నిజమే, జులైలో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్‌కీ అక్కడే మర్యాదలు చేశారు. కానీ మాక్రాన్ పార్లమెంటులో మాట్లాడి వెళ్లారు కదా!

ఇదంతా అర్థం కావాలంటే 2017 జనవరి 27కి వెళ్లాలి. ట్రంప్ గద్దెనెక్కి వారం, అంతే. బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం) టెన్షన్‌లో ఉన్న అప్పటి బ్రిటన్ ప్రధాని థెరెసా మే అందరికంటే ముందు వాషింగ్టన్ వెళ్లి, రాణిగారి తరఫున స్టేట్ విజిట్‌కి పిలుపు ఇచ్చేశామని మీడియా ముందే చెప్పేశారు. ఇదే పిలుపు బుష్‌కీ, ఒబామాకీ ఫలించడానికి రెండేళ్లు దాటింది. మే అక్కడి నుంచి బయల్దేరిన కొద్ది గంటల్లోనే ట్రంప్ ఏడు ముస్లిం మెజారిటీ దేశాల వాళ్ల రాకని ఆపేస్తూ సంతకం పెట్టారు.

అప్పటికే ఉన్న ఒక ఆన్‌లైన్ పిటిషన్‌కి ఆ ఒక్క సంతకంతో 18 లక్షలకు పైగా జనం తోడయ్యారు. ఆ పిటిషన్ ట్రంప్‌ని దేశంలోకి రానివ్వొద్దని అడగలేదు. ప్రభుత్వాధినేతగా రానివ్వండి, రాణిగారి అతిథిని మాత్రం చేసి ఆమెని ఇబ్బంది పెట్టకండి అంది. బ్రిటన్ విదేశాంగ శాఖలో ఒకప్పుడు అందరికంటే పెద్ద అధికారిగా ఉన్న లార్డ్ రికెట్స్ కూడా ఇదే మాట రాశారు: పిలుపు తొందరపాటు, రాణిని ఇరకాటంలో పెట్టారని. నా మటుకు ఈ మొత్తం వ్యవహారంలో సూటిగా మాట్లాడింది ఆయనే. పిలుపు పేరుకి రాణిది, నిర్ణయం ప్రభుత్వానిది. శుభలేఖ పంచేశాక పెళ్లివారిని రావొద్దనలేం, మాట పోయేది ఇంటిపెద్దదే.

ఫిబ్రవరి 6న స్పీకర్ జాన్ బెర్కో, ట్రంప్ పార్లమెంటులోని వెస్ట్‌మినిస్టర్ హాల్‌లో ప్రసంగించడానికి తాను ఒప్పుకోనని ఇంకో మేకు కొట్టారు. ఆ హాల్‌లో ఎవరు మాట్లాడాలన్నా తాళాలు ముగ్గురి చేతుల్లో ఉంటాయి, అందులో ఒకరు స్పీకర్. ఆ గౌరవం హక్కు కాదు, సంపాదించుకోవాలి అన్నారాయన. స్పీకర్ అలా పక్షం తీసుకోవచ్చా అన్నది వేరే చర్చ, దాని మీద ఆయన బాగానే తిట్లు తిన్నారు.

అక్కడి నుంచి ప్రోటోకాల్ అధికారుల పని మారిపోయింది. అతిథిని ఎక్కడ చూపించాలన్నది పోయి, జనానికి కనపడకుండా ఎలా తిప్పాలన్నది వచ్చి కూర్చుంది. 2018 జులైలో స్టేట్ విజిట్ అనకుండా పిలిచి, లండన్‌కి దూరంగా ఉన్న బ్లెన్‌హైమ్ ప్యాలెస్‌లో విందు, చెకర్స్‌లో చర్చలు, విండ్సర్‌లో టీ, మధ్యలో హెలికాప్టర్. లండన్‌లో పార్లమెంటు ముందు జనం నారింజ రంగు పసిపాప ట్రంప్ బెలూన్ ఎగరేశారు. 2019 జూన్‌లో స్టేట్ విజిట్ జరిగింది గానీ బగ్గీ ఊరేగింపూ లేదు, పార్లమెంటు ప్రసంగమూ లేదు.

ప్రభుత్వం వాదన చిన్నదే, అప్పుడూ ఇప్పుడూ ఒకటే: దేశానికి లాభం. 2025 ఫిబ్రవరి 27న స్టార్మర్ ఓవల్ ఆఫీసులో కోటు జేబులోంచి చార్ల్స్ రాజు ఉత్తరం తీసి ఇవ్వడం, మే నెలలో అమెరికాతో సుంకాల ఒప్పందం కుదరడం చూస్తే ఆ లెక్క పూర్తిగా తప్పనీ అనలేం. రెండోసారి గెలిచిన అమెరికా అధ్యక్షులకి విండ్సర్‌లో టీనో, భోజనమో పెట్టి పంపడం ఆనవాయితీ, బుష్‌కీ ఒబామాకీ అంతే జరిగింది. రాజు కూడా ఆ ఉత్తరంలో ముందు స్కాట్లండ్‌లో మామూలుగా కలుద్దామనే రాశారు. ఆ మామూలు భేటీ జరగనే లేదు, నేరుగా బగ్గీ వచ్చేసింది.