ఓటమిని కాపాడిన ఓటు

2025 మే 12 రాత్రి షికాగోలో ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) లాటరీ తీశారు. కొత్త కుర్రాళ్లను ఏ జట్టు ముందు ఎంచుకోవాలో తేల్చేది అదే, ఆ వంతునే పిక్ అంటారు. మొదటి పిక్ డల్లాస్ మావెరిక్స్‌కు తగిలింది. వాళ్లకున్న అవకాశం 1.8 శాతం. మూడు నెలల ముందే తమ తార ఆటగాడు లూకా డాన్చిచ్‌ను లేకర్స్‌కు ఇచ్చేసి సొంత అభిమానుల చేత తిట్లు తిన్న జట్టది. (డల్లాస్ చుట్టుపక్కల ఉంటున్న మనవాళ్లకు ఆ గొడవ కొత్తగా చెప్పక్కర్లేదు.) 82 మ్యాచ్‌లలో 17 మాత్రమే గెలిచి అందరికన్నా అడుగున నిలిచిన యూటా జాజ్ చేతికి ఐదో పిక్ వచ్చింది. అంతకు ముందు రెండేళ్లూ అట్టడుగున ఉన్న డెట్రాయిట్ పిస్టన్స్‌కూ అదే ఐదో పిక్. దాంతో పాత గొడవ మళ్లీ రేగింది. మంచి కుర్రాడి కోసం కావాలని ఓడటం మోసమా, వ్యూహమా?

ఐపీఎల్‌కు అలవాటుపడ్డ మనకు ఈ ప్రశ్నే వింతగా ఉంటుంది. అక్కడ వేలంలో చివరి జట్టుకైనా, కప్పు గెలిచిన జట్టుకైనా ఖర్చు పరిమితి ఒకటే. ఎన్‌బీఏలో కొత్త కుర్రాళ్లను పంచుకునే డ్రాఫ్ట్‌లో వేలం లేదు, వరస ఉంటుంది. ఓడినవాళ్లకు ముందు వంతు. 1985లో లాటరీ ఎందుకు పెట్టారన్నది చాలామంది రాసిందే, అది వదిలేద్దాం. నన్నడిగితే నేటి రభసకు మూలం 2014 అక్టోబర్ 22న జట్ల యజమానులు వేసిన ఒక ఓటులో ఉంది.

ఆ ఓటు ఎవరి గురించో తెలియాలంటే ఫిలడెల్ఫియా వెళ్లాలి. 2013 మేలో అక్కడి జట్టు సెవెంటీసిక్సర్స్ (పొట్టిగా సిక్సర్స్)కు ఆటగాళ్ల ఎంపిక చూసే జనరల్ మేనేజర్‌గా శామ్ హింకీ వచ్చాడు. అప్పటికి ఆ జట్టు 34 గెలిచి 48 ఓడింది. ఈ ఆటలో అంతకన్నా చెడ్డ చోటు లేదు. ప్లేఆఫ్స్‌కు చేరేంత బలం లేదు, గొప్ప పిక్ దొరికేంత బలహీనతా లేదు. హింకీ లెక్క సూటిగా ఉంటుంది. బాస్కెట్‌బాల్‌లో కోర్టు మీద ఉండేది ఐదుగురే కాబట్టి ఒక్క మహా ఆటగాడు దొరికితే తలరాత మారిపోతుంది. అలాంటివాళ్లు ఎక్కువగా డ్రాఫ్ట్ మొదటి వరసల్లోనే దొరుకుతారు. అయితే ఏ కుర్రాడు మహానుభావుడవుతాడో ముందుగా ఎవరికీ తెలియదు. కాబట్టి పిక్‌లు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది. వచ్చిన మొదటి డ్రాఫ్ట్ రాత్రే ఆ ఏడాది మేటి ఆటగాళ్ల ఆల్‌స్టార్ మ్యాచ్ ఆడిన 23 ఏళ్ల జ్రూ హాలిడేను పంపేసి, మోకాలు దెబ్బతిన్న నెర్లెన్స్ నోయెల్‌నూ మరుసటి ఏడాది తొలి రౌండ్ పిక్‌నూ తెచ్చుకున్నాడు.

మొదటి సీజన్‌లో 19 గెలుపులు, వరసగా 26 ఓటములు. 2014 డ్రాఫ్ట్‌లో మూడో పిక్‌తో పాదం ఎముక విరిగిన జోయెల్ ఎంబీడ్‌ను తీసుకున్నాడు. అతను రెండేళ్లపాటు ఒక్క మ్యాచ్ ఆడలేదు. లీగ్ పెద్దలకు తల కొట్టేసినట్టయింది. అట్టడుగు జట్టుకు మొదటి పిక్ దక్కే అవకాశం అప్పట్లో 25 శాతం, పైగా నాలుగో స్థానం దాటి కిందికి జారదనే భరోసా. కిందున్న జట్ల అవకాశాలను దాదాపు సమం చేసే ప్రతిపాదన తయారైంది. సునాయాసంగా నెగ్గుతుందనే అందరూ అనుకున్నారు. 30 ఓట్లలో 23 కావాలి. 17 పడ్డాయి, 13 ఎదురుతిరిగాయి.

ఆ పదమూడులో ఫిలడెల్ఫియా ఉండటం సహజం. అసలు విషయం ఓక్లహోమా సిటీ థండర్ కూడా ఉండటం. అప్పటికి వాళ్లేమీ ఓడే జట్టు కాదు. కెవిన్ డ్యురాంట్, రస్సెల్ వెస్ట్‌బ్రూక్ అనే ఇద్దరు తారలూ అక్కడే ఉన్నారు. అయినా వాళ్ల భయం వేరు. లాస్ ఏంజెలెస్‌కో మయామీకో తారలు తమంతట తామే వస్తారు, ఓక్లహోమాకు ఎవరొస్తారు? చిన్న ఊళ్లకు డ్రాఫ్ట్ ఒక్కటే తలుపు, దాన్నీ మూస్తే ఎలా? ఈ వాదనకు ఇప్పటికీ సరైన జవాబు ఎవరూ చెప్పలేదు. రెండేళ్లు తిరక్కుండానే డ్యురాంట్ గోల్డెన్ స్టేట్‌కు వెళ్లిపోయి ఆ భయాన్ని నిజం చేశాడు.

నియమంతో కుదరనిది తర్వాత మనుషుల ద్వారా జరిగింది. సిక్సర్స్ మరుసటి సీజన్‌ను 17 వరస ఓటములతో, ఆపై సీజన్‌ను 18తో మొదలుపెట్టింది. 2015 డిసెంబర్‌లో హింకీ నెత్తిన ఫీనిక్స్ సన్స్ జట్టు మాజీ యజమాని జెర్రీ కొలాంజెలోను కూర్చోబెట్టారు. దాని వెనక కమిషనర్ ఆడమ్ సిల్వర్ చొరవ ఉందని అప్పట్లో చాలా పత్రికలు రాశాయి. 2016 ఏప్రిల్‌లో హింకీ 13 పేజీల రాజీనామా లేఖ ఇచ్చి వెళ్లిపోయాడు. అందులో అబ్రహాం లింకన్ నుంచి అంతరించిపోయిన మోవా పక్షి దాకా అందరూ ఉన్నారు. మూడు సీజన్ల లెక్క 47 గెలుపులు, 199 ఓటములు. ఆయన వెళ్లిన రెండు నెలలకు ఆ ఓటముల ఫలంగా వచ్చిన మొదటి పిక్‌తో బెన్ సిమన్స్‌ను ఎంచుకున్నది కొలాంజెలో కొడుకు బ్రయాన్.

మరుసటి ఏడాది అదే బ్రయాన్ బోస్టన్‌కు తన మూడో పిక్‌తో పాటు భవిష్యత్తులో రావాల్సిన మరో తొలి రౌండ్ పిక్ కూడా ఇచ్చి, మొదటి పిక్‌తో మార్కెల్ ఫుల్ట్జ్‌ను తెచ్చాడు. బోస్టన్ ఆ మూడో పిక్‌తో, తర్వాత పెద్ద తారగా ఎదిగిన జేసన్ టేటమ్‌ను తీసుకుంది. సిక్సర్స్ ఆ తర్వాత కప్పు గెలవలేదు కాబట్టి హింకీ పట్టిన దారే తప్పు అనేవాళ్లు ఈ ఒక్క బేరాన్ని ఎందుకో ఎత్తరు. 2023లో లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన ఎంబీడ్ పేరూ ఎత్తరు.

లీగ్ వైపు వాదన కూడా ఉంది. డబ్బు పెట్టి టికెట్ కొన్నవాడికి చూపించేది ఓడిపోవాలనుకున్న మ్యాచ్ అయితే అది ఆట అనిపించుకోదు. కాదనలేం. ఆ కోపంతోనే 2017 సెప్టెంబర్‌లో సంస్కరణ మళ్లీ ఓటుకు వచ్చి 28 ఓట్లతో నెగ్గింది. డల్లాస్ తటస్థం. వద్దన్నది ఓక్లహోమా ఒక్కటే.

2019లో అడుగున ఉన్న మూడు జట్లకూ తలా 14 శాతం చేశారు. అట్టడుగు జట్టు ఐదో స్థానం దాకా జారే వీలొచ్చింది. హింకీ వెళ్లిన మూడేళ్లకు హింకీ కోసం వేసిన తాళమిది. మరీ అడుగుకు పోవడంలో లాభం తగ్గింది, నిజమే. కానీ ఏడో స్థానం నుంచో పదో స్థానం నుంచో కూడా లాటరీ తగలొచ్చని అందరికీ తెలిసొచ్చింది. మొదటి ఏడాదే 6 శాతం అవకాశమున్న న్యూ ఆర్లీన్స్‌కు జయన్ విలియమ్సన్ దక్కాడు. 2024లో 3 శాతంతో అట్లాంటా గెలిచింది. ఒకప్పుడు రెండు మూడు జట్లకే ఉన్న ఆశ ఇప్పుడు మధ్యలో ఉన్నవాళ్లకూ పాకింది. 2023 ఏప్రిల్‌లో ప్లేఆఫ్స్‌కు చివరి మెట్టయిన ప్లే-ఇన్ ఆశలు మిగిలి ఉండగానే డల్లాస్ తన ముఖ్య ఆటగాళ్లను కూర్చోబెట్టింది. పాత బేరం ప్రకారం పిక్ పదో స్థానం దాటితే న్యూయార్క్‌కు ఇచ్చుకోవాలి మరి. జరిమానా ఏడున్నర లక్షల డాలర్లు పడింది, పిక్ నిలిచింది. బేరం గిట్టినట్టే కదా!

ఇక ఓక్లహోమా. 2019లో తన తార పాల్ జార్జ్‌ను క్లిప్పర్స్‌కు ఇచ్చి షాయ్ గిల్జస్ అలెగ్జాండర్‌నూ ఐదు తొలి రౌండ్ పిక్‌లనూ తెచ్చుకుంది. 2020-21 నుంచి రెండు సీజన్లు 22, 24 గెలుపులతో అడుగున గడిపింది. 2021 డిసెంబర్‌లో మెంఫిస్ చేతిలో 73 పాయింట్ల తేడాతో ఓడింది, అది లీగ్ రికార్డు. ఒంట్లో ఏ నలతా లేని అల్ హార్ఫర్డ్‌ను సీజన్ మధ్యలో ఇక ఆడొద్దని పక్కన పెట్టింది. హింకీ చేసినదానికీ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ జనరల్ మేనేజర్ శామ్ ప్రెస్టీని ఎవరూ తీసేయలేదు. 2022లో రెండో పిక్‌తో చెట్ హోమ్‌గ్రెన్, క్లిప్పర్స్ నుంచి వచ్చిన పన్నెండో పిక్‌తో జేలెన్ విలియమ్స్ వచ్చారు.

ఆ హార్ఫర్డ్ ఓక్లహోమాకు వచ్చింది ఫిలడెల్ఫియా నుంచే. 2020లో అతని జీతం భారం వదిలించుకోవడానికి సిక్సర్స్ ఒక తొలి రౌండ్ పిక్ కూడా కట్నంగా ఇచ్చింది. ఆ బేరం చేసిన డారిల్ మోరీ ఒకప్పుడు హ్యూస్టన్‌లో హింకీకి పైఅధికారి. 2025లో ఆ పిక్ మొదటి ఆరింటిలో పడితే ఫిలడెల్ఫియాది, లేకపోతే థండర్‌ది. ఎంబీడ్ మోకాలు పాడై కుదేలైన సిక్సర్స్ 24 గెలుపులతో ముగించింది. పిక్ నిలబెట్టుకునే అవకాశం దాదాపు 64 శాతం.

షికాగోలో వాళ్లకు మూడో పిక్ వచ్చింది. థండర్ బాకీ మరుసటి ఏడాదికి వాయిదా పడింది. ఆరు వారాలకు, జూన్ 22న, ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో ఇండియానాను ఓడించి, షాయ్, చెట్, జేలెన్ ముందుండి నడిపిన ఓక్లహోమా కప్పు ఎత్తింది. ఓడిన ఇండియానా బెంచీ మీద నుంచి వచ్చి ఆ సిరీస్‌లో ముచ్చెమటలు పట్టించిన టి.జె. మెకానెల్‌ను 2015లో లీగ్‌లోకి తెచ్చినవాడు హింకీయే. ఏ పిక్కూ ఖర్చుపెట్టకుండా.